ఎవరి తాలూకు?

"ఎవరి తాలూకు?" అని అడిగాడు చీటీలు రాసే గుమాస్తా, తల ఎత్తకుండానే.

మా కాలేజీ హాస్టల్లో వంటపని చేసే ఒకావిడను వెంటబెట్టుకుని ఆ రోజు నేను ఆస్పత్రికి వెళ్ళాను. ఆమె పేరు ఇక్కడ రాయను. వయస్సు యాభై దాటి ఉంటుంది. కొన్నాళ్ళుగా తల తిరుగుతున్నదనీ, మెడ నరాలు లాగుతున్నాయనీ అంటున్నది. పొద్దున్న ఆరింటికే వచ్చి వరసలో నిలబడ్డవాళ్ళు వందకు పైగా ఉన్నారు. మేమూ ఆ వరస చివర నిలబడి ఉండవలసింది. నిలబడలేదు. లోపల పనిచేసే డాక్టరు ఒకప్పుడు మా కాలేజీలో చదివినవాడు. ఫోను చేశాను. అయిదు నిమిషాల్లో అటెండరు వచ్చి పక్క తలుపు గుండా కౌంటరు దగ్గరకు తీసుకుపోయాడు. గుమాస్తా అడిగిన ప్రశ్నకు అతనే జవాబు చెప్పాడు: "డాక్టరుగారి తాలూకు." చీటీ చేతికొచ్చింది.

వరసలో మొదట ఉన్న ముసలాయన మమ్మల్ని చూశాడు. కోపంగా చూశాడని చెప్పలేను. ఇది మామూలే అన్నట్టు చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

నేను ముప్ఫయ్యేళ్ళుగా చరిత్ర పాఠం చెబుతున్నవాణ్ణి. సమానత్వాన్ని గురించి చాలా ఉపన్యాసాలిచ్చాను. ఆ రోజు నేను చేసింది తప్పేనని ఒప్పుకోవడం తేలిక. ఒప్పుకుని ఊరుకుంటే ఇది ఒక మనిషి శీలానికి సంబంధించిన విషయంగా మాత్రమే మిగిలిపోతుంది. నాకు కావలసింది అది కాదు. ఆ గుమాస్తా అడిగిన ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చింది, దానికి వేరే జవాబు ఉండటానికి వీలుందా అన్నది నాకు కావలసిన విషయం.

ప్రపంచంలో ఏ ఆస్పత్రి గుమ్మంలోనైనా రోగిని మొట్టమొదట అడిగేది "నీకేం బాధ?" అని కాదు. భాష వేరు కావచ్చు, మర్యాద వేరు కావచ్చు, అడిగేది మాత్రం "నువ్వు ఎవరి తాలూకు?" అనే. అమెరికాలో దీనికి జవాబు, ఫలానా కంపెనీ తాలూకు అని. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ జీతాలు పెంచకుండా ప్రభుత్వం కట్టడి చేసినప్పుడు, యజమానులు పనివాళ్ళను ఆకర్షించడానికి జీతానికి బదులు ఆరోగ్య బీమా ఇవ్వసాగారు. యుద్ధం పోయింది, ఏర్పాటు మిగిలింది. ఉద్యోగం పోతే మనిషి ఎవరి తాలూకూ కాకుండా పోతాడు. పాత బీమానే కొంతకాలం కొనసాగించుకోవడానికి చట్టం వీలు కల్పించింది. అయితే యజమాని కట్టే వాటా కూడా, ఉద్యోగం పోయినవాడే కట్టుకోవాలి! ముసలివాళ్ళకూ పేదలకూ 1965లో వేరు ఏర్పాట్లు వచ్చాయి. 2010లో మరో చట్టం వచ్చింది. ఇన్ని వచ్చినా 2023లో ఏ బీమా లేనివాళ్ళు సుమారు 2.6 కోట్ల మంది. అక్కడ స్థిరపడ్డ మన తెలుగు యింజనీర్లకు ఈ సంగతి నాకంటె బాగా తెలుసు. ఉద్యోగం పోయిననాడు వీసాతోపాటు పిల్లవాడి ఉబ్బసం మందు గురించి కూడా వాళ్ళు లెక్కలు వేసుకోవలసి వస్తుంది.

అయితే అమెరికాలోనూ ఒక చోట ఈ ప్రశ్న అడగడానికి వీల్లేదు. 1986 నాటి చట్టం ప్రకారం అత్యవసర విభాగంలోకి వచ్చినవాణ్ణి, డబ్బున్నా లేకపోయినా, పరీక్షించి ప్రాణాపాయం నుంచి గట్టెక్కించాలి. బిల్లు తరవాత వస్తుంది, అది వేరే సంగతి. చావుకు ఒక్క మెట్టు ఇవతల ఉన్నవాణ్ణి మాత్రమే అక్కడి చట్టం ఒట్టి మనిషిగా గుర్తిస్తున్నదన్నమాట. మెట్టు దిగిన మరుక్షణం అతను మళ్ళీ ఫలానా వాడి తాలూకు అవుతాడు.

జర్మనీలో జవాబు, బీమా నిధి తాలూకు. బిస్మార్కు 1878లో సోషలిస్టులను అణచడానికి చట్టం చేసి, 1883లో కార్మికులకు జబ్బు బీమా పెట్టాడు. ఒక చేత్తో కొట్టి రెండో చేత్తో మందు రాశాడు. కార్మికులను సోషలిస్టుల తాలూకు కాకుండా రాజ్యం తాలూకుగా చేసుకోవాలన్నది ఆయన ఎత్తు. బీమా పెట్టినందుకు ఆయన్ను మెచ్చుకునేవాళ్ళు ఎవరి భయం వల్ల పెట్టాడో కూడా చెప్పాలి.

ఇక సోవియట్ యూనియన్. మన తరంవాళ్ళు దీన్ని గురించి చెప్పేటప్పుడు గొంతు మారుతుంది, కనక జాగ్రత్తగా చెబుతాను. 1918లో ఆరోగ్య కమిస్సారు అయిన సెమాష్కో పేరుమీద ప్రసిద్ధికెక్కిన పద్ధతిలో ఊరినీ నగరాన్నీ పేటలుగా విభజించారు. ప్రతి పేటకూ ఒక డాక్టరు. ఆ పేటలో ఉన్న ప్రతివాడూ, జబ్బు ఉన్నా లేకపోయినా, ఆ డాక్టరు తాలూకే. ఇది మానవ చరిత్రలో పెద్ద అడుగు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నేను వాదనకు సిద్ధం. కాని 1932లో నివాసాలను పోలీసుల దగ్గర నమోదు చేసే పద్ధతి వచ్చాక, పేటలో ఉండటానికి అనుమతి ఉన్నవాడే ఆ పేట మనిషి అయినాడు. పార్టీ పెద్దలకూ, పై అధికారులకూ వేరే ఆస్పత్రులు వెలిశాయి. ఆ గేటు దగ్గర అడిగిన ప్రశ్న మా గుమాస్తా అడిగిన ప్రశ్నే. పక్క తలుపు గుండా పోయినవాణ్ణి గనక ఈ విషయంలో నాకు కొంత అనుభవజ్ఞానం ఉంది.

చైనాలోనూ ఇంతే. కమ్యూన్ల కాలంలో పల్లెకు కనీసం చెప్పుల్లేని డాక్టరు ఉండేవాడు. కమ్యూన్లు రద్దయిన 1980లలో పల్లెల్లో సహకార వైద్యం చాలాచోట్ల కూలిపోయింది. పెద్ద నగరాల ఆస్పత్రుల్లో పేరు నమోదు చేసుకునే టిక్కెట్లను దళారులు రాత్రంతా వరసలో ఉండి కొని, పగలు పదింతలకు అమ్మేవారు. సినిమా టిక్కెట్ల బ్లాకు మనకు తెలుసు. బాధ చెప్పుకునే వంతును బ్లాకులో కొనడం గురించి మాత్రం నేను కొంతసేపు ఆలోచించాను. ఆలోచించగా, ఆ రోజు నేను డబ్బివ్వకుండా కొన్నది కూడా అదే సరుకు అని తేలింది.

ఇంతవరకూ చెప్పినదాన్నిబట్టి, పేర్లు రాసుకోవడమే అసలు పాపమనీ, పట్టీలూ కార్డులూ తగలబెడితే వైద్యం అందరిదీ అవుతుందనీ ఎవరైనా అనుకోవచ్చు. మా విద్యార్థుల్లో కొందరు అలాగే అంటారు. రాజ్యం మనిషిని లెక్కించడమంటేనే వాళ్ళకు గిట్టదు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికి బ్రిటన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

వేల్సులో త్రెదీగర్ అనే బొగ్గుగనుల ఊళ్ళో కార్మికులు తమ కూలిలోంచి కొంత తీసి ఒక వైద్య సహాయ సంఘం నడుపుకున్నారు. డాక్టర్లను వాళ్ళే నియమించుకున్నారు. సంఘం పట్టీలో పేరున్న కుటుంబమల్లా ఆ డాక్టర్ల పూచీ. ఆ ఊళ్ళోనే పుట్టి, గనిలో పనిచేసి, ఆ సంఘం వ్యవహారాల్లో ఆరితేరినవాడు అన్యూరిన్ బెవాన్. ఆయన ఆరోగ్యమంత్రిగా ఉండగా, 1948 జూలై 5న జాతీయ వైద్యసేవ మొదలయింది. అంతకుముందు 1911 చట్టం కింద డాక్టరు పట్టీలో బీమా కట్టిన కార్మికుడి పేరే ఉండేది. అతని భార్యాపిల్లలు అందులో లేరు. అంటే పనిచేసే చేతులు బాగుండాలి, వాటికి అన్నం వండిపెట్టే చేతులు ఏమైనా ఫరవాలేదు. 1948లో ఆ పట్టీని ముక్కూ మొహం తెలియని ప్రతి మనిషికీ తెరిచారు. డాక్టర్ల సంఘం చివరివరకూ ఎదిరించింది. అయినా తెరిచారు.

అక్కడ ఎవరైనా తన పేటలో ఒక సాధారణ వైద్యుణ్ణి ఎంచుకుని, అతని పట్టీలో పేరు రాయించుకోవాలి. పెద్ద డాక్టరు దగ్గరకు పోవాలన్నా మామూలుగా అతని ద్వారానే పోవాలి. డాక్టరుకు వచ్చే ఆదాయంలో పెద్ద భాగం ఎంతమంది జబ్బుపడ్డారన్నదాన్నిబట్టి కాక, పట్టీలో ఎన్ని పేర్లున్నాయన్నదాన్నిబట్టి వస్తుంది. ఇంగ్లండులో ఇందుకు చిరునామా రుజువుగాని వీసా కాగితంగాని తప్పనిసరి కాదు. ఇల్లులేనివాడు ఆ వైద్యశాల చిరునామానే తన చిరునామాగా ఇచ్చి చేరవచ్చు! మొదటిసారి ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు కూచున్నాను. ఎవరి తాలూకూ కానివాడికి డాక్టరే ఇంటి చిరునామా అయినాడు.

ఇది స్వర్గమని అనను. తప్పనిసరి కాని కాగితాలు అడిగి పేరు రాసుకోవడానికి నిరాకరించే వైద్యశాలలు అక్కడా ఉన్నాయి. పొద్దున్న ఎనిమిదింటికి ఫోను పట్టుకుని గంటసేపు వేచి ఉన్నా వంతు దొరకని రోజులున్నాయి. 2015 నుంచి వలస వచ్చేవాళ్ళ దగ్గర ఆరోగ్యపు అదనపు రుసుము వీసాతోపాటే ముందుగా గుంజుతున్నారు. 2024 ఫిబ్రవరిలో దాన్ని ఏడాదికి 1,035 పౌండ్లకు పెంచారు. విద్యార్థులకు 776. వాళ్ళే తరవాత ఉద్యోగంలో చేరి పన్నులు కడితే, ఒకే వైద్యానికి రెండుసార్లు కట్టినట్టు. మా విద్యార్థి ఒకడు అప్పుచేసి ఆ రుసుము కట్టి వెళ్ళాడు. ఆరునెలల తరవాత జ్వరంతో ఫోను చేశాడు. "డాక్టరు పట్టీలో చేరావా?" అని అడిగితే, "డబ్బు కట్టాను కదా సార్" అన్నాడు. డబ్బు కట్టడం, ఒక మనిషి తాలూకు కావడం రెండూ ఒకటి కావని అతనికి ఎవరూ చెప్పలేదు. మన దేశంలో పెరిగినవాడికి ఆ తేడా దానంతట అది తెలిసే అవకాశమూ లేదు.

ఆ తేడా ఏమిటో అందరికంటె బాగా చూపినవాడు జూలియన్ ట్యూడర్ హార్ట్. కమ్యూనిస్టు. పార్టీ తరఫున ఎన్నికల్లో కూడా నిలబడి ఓడిపోయాడు. వేల్సులోనే గ్లిన్‌కోరుగ్ అనే చిన్న గనికార్మికుల ఊళ్ళో దాదాపు పాతికేళ్ళు డాక్టరుగా ఉన్నాడు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువ అందుతుందనీ, మార్కెట్టు ఎంత స్వేచ్ఛగా ఉంటే అంత తక్కువ అందుతుందనీ 1971లో ఆయన రాసిన వ్యాసం ప్రపంచమంతా చదివింది. కాని నేను చెప్పదలచుకున్నది ఆ వ్యాసం గురించి కాదు, ఆయన చేసిన ఒక మామూలు పని గురించి. ఆయన దగ్గర ఊరి పట్టీ ఉంది. రక్తపు పోటు కొలవడానికి వచ్చినవాళ్ళ పేర్ల పక్కన గుర్తు పెడుతూ పోయాడు. గుర్తులేని పేర్లు మిగిలాయి. ఆ పేర్లవాళ్ళు తనంతట తాము వస్తారని కూచోలేదు. వాళ్ళ ఇళ్ళకు తనే కబురంపాడు, తనే వెళ్ళాడు. ఊళ్ళో పెద్దవాళ్ళలో దాదాపు అందరికీ పోటు కొలిచేదాకా వదల్లేదు. పాతికేళ్ళ తరవాత చూస్తే, అలాంటిదే అయిన పక్క ఊరికంటె ఆ ఊళ్ళో అకాలమరణాలు తక్కువగా ఉన్నాయి.

రక్తపు పోటు నొప్పి పుట్టని జబ్బు. నొప్పి లేనివాడు ఆస్పత్రికి రాడు. "అడిగినవాడికి లేదనకుండా ఇవ్వడమే న్యాయం" అనే ధర్మసూత్రం ఇక్కడ చాలదు. అడగాలన్న సంగతి తెలియనివాణ్ణి అది ఎంతో మర్యాదగా చావనిస్తుంది. అన్నదాన సత్రానికి ఈ ధర్మం సరిపోవచ్చు. ఆకలి తనంతట తానే మనిషిని సత్రానికి నడిపిస్తుంది. జబ్బు అలా నడిపించదు.

బడిలో హాజరుపట్టీ ఎందుకుంది? వచ్చిన పిల్లలను చూడటానికయితే అది అక్కర్లేదు, వాళ్ళు ఎదుటే కూచుని ఉంటారు. రాని పిల్లవాణ్ణి చూడటానికి అది తప్ప వేరే మార్గం లేదు. మన ఆస్పత్రుల్లో ఉన్నది హాజరుపట్టీ కాదు, సంత లెక్క. ఇవాళ ఎన్ని చీటీలు తెగాయో చెబుతుంది. నిన్న వచ్చి ఇవాళ రావలసినవాడు ఎందుకు రాలేదో అందులో లేదు. ప్రతిసారీ కొత్త చీటీ, ప్రతిసారీ కొత్త రోగి. 2022 నుంచి గుమ్మంలో గళ్ళబొమ్మ అతికించి, ఫోనుతో స్కాను చేస్తే టోకెను వచ్చే ఏర్పాటు చాలా ఆస్పత్రుల్లో చేశారు. పద్నాలుగంకెల ఆరోగ్యసంఖ్య కూడా ఇస్తున్నారు. వరస తగ్గింది, సంతోషం. సంఖ్య నాకూ ఉంది. ఆ సంఖ్యకు పూచీపడే డాక్టరు మాత్రం ఎవరో నాకు తెలియదు.

మళ్ళీ మా వంటావిడ దగ్గరకు వస్తాను. ఆ రోజు డాక్టరు ఆమెకు పోటు చాలా ఎక్కువగా ఉందని చెప్పి, పదిహేను రోజులకు మాత్రలిచ్చి, మళ్ళీ రమ్మన్నాడు. మాత్రలు వేసుకున్నది. తల తిరగడం తగ్గింది. తగ్గింది గనక మళ్ళీ వెళ్ళలేదు. పైగా ఒక పూట పని మానితే కూలి పోతుంది. కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి, ఇ.ఎస్.ఐ. నంబరు లేదు. ఆమె వెళ్ళని సంగతి డాక్టరుకు తెలియదు. అతని దగ్గర ఆమె పేరు లేదు. నాకు తెలిసి ఉండవలసింది. రోజూ ఆమె వడ్డించిన అన్నం తింటూ, పదిహేను రోజులు గడిచాయా అని ఒక్కసారీ అడగలేదు. పక్క తలుపు గుండా తీసుకుపోవడంతో నా బాధ్యత తీరిందనుకున్నాను. సిఫారసుకు ఉన్న స్వభావమే అది. అది ఒక్క పూట పనిచేస్తుంది.

ఏడు నెలల తరవాత పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. అప్పుడు మాత్రం కార్డు పనికొచ్చింది. అద్దాల మేడలాంటి ఆస్పత్రిలో చేర్చుకున్నారు. నిన్నటిదాకా ఎవరి తాలూకూ కాని మనిషి ఆ రోజు ప్రభుత్వం తాలూకు అయింది. అలా కావడానికి ఒక చెయ్యీ ఒక కాలూ ఇచ్చుకోవలసి వచ్చింది.

ఆరోగ్యశ్రీని నేను కించపరచను. 2007లో అది వచ్చాక గుండె ఆపరేషన్లు చేయించుకుని బతికిన పేదవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతున్నా పథకం నిలిచింది. 2018లో కేంద్రం అలాంటిదే కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా అని దేశమంతటికీ పెట్టింది. కాని ఈ పథకాలన్నిటిలో మనిషి కాక జబ్బు నమోదవుతుంది, అదీ పెద్ద జబ్బు. రోజుకు ఒక్క మాత్రతో ఆగిపోయే దశలో ఆ కార్డుకు కళ్ళు కనపడవు. పైగా కార్డు కావాలంటే మామూలుగా ముందు నేను పేదవాణ్ణని రుజువు చేసుకోవాలి. 1946లోనే భోర్ కమిటీ, డబ్బు ఇచ్చుకోలేనందువల్ల ఏ ఒక్కరికీ వైద్యం అందకుండా పోకూడదన్నది. పేదరికం రుజువు చేసుకున్నవాడికి అందాలని అనలేదు.

మనది బీదదేశం, ఇంటింటి పట్టీ పెట్టడం మనవల్ల అయ్యే పనేనా అంటారు. మన నర్సమ్మలూ ఆశా కార్యకర్తలూ టీకా వేయించుకోవలసిన పిల్లల పట్టీ పెట్టుకునే తిరుగుతున్నారు. టీకా తప్పిపోయిన పిల్లవాడి ఇల్లు వాళ్ళకు తెలుసు. 2021లో తమిళనాడులో పోటుకూ చక్కెరకూ మందులు ఇళ్ళకే తీసుకువెళ్ళి ఇచ్చే పథకం పెట్టారు. ప్రజలను వెతుక్కుంటూ పోయే వైద్యం అని దాని పేరు. క్యూబా ధనిక దేశమేమీ కాదు. 1984 నుంచి అక్కడ పేటలోనే కాపురముండే డాక్టరూ నర్సూ తమ కింది జనాన్ని నాలుగు తరగతులుగా రాసుకున్నారు. మొదటి తరగతి, ఏ జబ్బూ లేనివాళ్ళు! ఇటీవల అక్కడ మందుల కరువు వచ్చింది, డాక్టర్లు వలసపోతున్నారు, ఆ సంగతీ చెప్పాలి. అయినా జబ్బు లేనివాడి పేరు కూడా డాక్టరు పుస్తకంలో ఉండాలన్న ఆలోచన బీదదేశానిదే.

పట్టీ అంటే నిఘా అనే మా విద్యార్థుల మాటకు కూడా జవాబు చెప్పాలి. వాళ్ళ భయం ఉత్తది కాదు. ఎమర్జెన్సీలో, 1976లో, కుటుంబనియంత్రణ ఆపరేషన్లకు మనుషులను పట్టుకుపోయినప్పుడు అధికారులకు పేర్లూ ఇళ్ళూ బాగానే తెలిశాయి. జర్మనీలో కాగితాలు లేని వలస కార్మికుడు మామూలు జబ్బుకు వైద్యఖర్చు అడిగితే, సంక్షేమ కార్యాలయం అతని సంగతి విదేశీయుల శాఖకు చెప్పాలని చట్టమే ఉంది. కాబట్టి పట్టీ ఉందా లేదా అన్నదొక్కటే చాలదు. అది ఎవరి మెడకు ఉచ్చు అన్నది చూడాలి. పేరు రాయడంతో రోగి రాజ్యానికి జవాబుదారీ అయితే అది పోలీసు రిజిస్టరు. డాక్టరు రోగికి జవాబుదారీ అయితే అది వైద్యం. రెండు పనులకూ ఒకే పుస్తకం వాడనివ్వకూడదని పోరాడవలసిందే. ఆ భయంతో పుస్తకమే వద్దంటే, నష్టం నాలాంటివాడికి రాదు. పక్క తలుపు తెలిసినవాడికి పుస్తకంతో పనిలేదు.

నిరుడు మా హాస్టలు పనివాళ్ళ పేర్లు ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాం. నలభై ఒక్కరు తేలారు. నెలకోసారి దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రం నర్సమ్మ వచ్చి పోటు చూస్తుంది. రానివాళ్ళ దగ్గరకు పిల్లలు వెళతారు. మొదట్లో అక్కడి డాక్టరు ఇది మా పని కాదని విసుక్కున్నాడు, ఇప్పుడు విసుక్కోవడం తగ్గించాడు. ఇది పెద్ద పని అని నేననుకోవడం లేదు. మేము మానేసిననాడు ఆగిపోయేదాన్ని హక్కు అనడానికి వీల్లేదు.

మొన్న పిల్లలు పట్టీ చదువుతుంటే మా వంటావిడ గుమ్మంలో కుర్చీలో కూచుని వింటున్నది. మాట ఇప్పుడు కొంచెం తేటపడింది. "మాస్టారూ, మీకు బి.పి. లేదా?" అని అడిగింది. ఉందన్నాను. "మరి మీ పేరు చదవలేదేం?" అన్నది. నాకు ప్రభుత్వోద్యోగుల కార్డు ఉందనీ, ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకుంటాననీ చెప్పాను. ఆమె మరి ఏమీ అనలేదు. పక్కనున్న కుర్రవాడు పెన్ను తెరిచి, "రాయమంటారా సార్?" అని అడిగాడు.